తూనీగ కట్టిన చిన్న మూట

పెద్దాసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే విభాగానికీ సామాన్ల గోదాముకీ మధ్య, కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాప్ ఒకటుంది. అందులో పనిచేసే ఒకతన్ని అందరూ తూనీగ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు. యాభై ఒక్క ఏళ్ళు వచ్చినా అతను ఒకచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. అన్నం నిలబడి తింటాడు. ఫోను వస్తే వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ మాట్లాడతాడు. సినిమాకి వెళ్తే సగం బొమ్మ చివరి వరుస వెనక నిలబడి చూసి, విశ్రాంతి సమయంలో ఇంటికి వచ్చేస్తాడు. మిగతా సగం వాళ్ళావిడ చూసొచ్చి చెప్పాలి. ఆవిడ బళ్ళో లైబ్రేరియన్. కుదురుకి పెట్టింది పేరు. "మీతో కాపురం చేయడం బస్టాండులో కాపురం పెట్టినట్టుందండీ" అంటుంది, కానీ ఇరవై ఆరేళ్ళుగా చేస్తూనే ఉంది.

తూనీగకి ఇంకో తెగులు కూడా ఉంది. ఏ వస్తువూ రెండోది ఉండకూడదు. ఇంట్లో రెండో గొడుగు కనిపిస్తే ఎవరికో ఇచ్చేస్తాడు. చేతిలో సంచీ ఉండదు, జేబులో రెండో పెన్ను ఉండదు. "అవసరం లేనిది ఎందుకు?" అన్నది అతని ఊతపదం. ఇంటి తాళానికి రెండో చెవి ఎప్పుడూ వాడలేదు కదా అని పారేశాడు. మరుసటి నెల మొదటిది పోయింది. ఆ రోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మెట్ల మీద మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. ఆవిడ కూర్చుంది, అతను తిరిగాడు. బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. తాళం కొత్తది వేయించి, చెవి ఒక్కటే చేయించాడు.

పంతొమ్మిదో ఏట సున్నం కలపడానికి ఈ వర్క్‌షాపులో చేరాడు. కాలు పోయినవాళ్ళ మోడుకి సున్నపు పట్టీ చుట్టి అచ్చు తీయడం, ఆ అచ్చుని ఆకురాయితో చెక్కి ఆకారం తేవడం, దాని మీద వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ పరిచి తొడుగు చేయడం, అన్నీ అక్కడి మేస్త్రి దగ్గర నేర్చుకున్నాడు. మేస్త్రికి చేతులు వణకడం మొదలయ్యేనాటికి, అంటే పదేళ్ళ కింద, చెక్కే యంత్రం ఒకటి వచ్చింది. మోడుని కెమెరాతో కొలిచి కంప్యూటర్లో పెడితే, నురుగు దిమ్మని ఆ ఆకారంలో అదే చెక్కి ఇస్తుంది. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు రెండు రోజులు పాఠం చెప్పి, ఇటుక మందాన ఒక పుస్తకం చేతిలో పెట్టి వెళ్ళాడు. రెండేళ్ళకి ఆ కంపెనీయే మూతపడింది. ఇక ఆ యంత్రానికి తల్లీ తండ్రీ తూనీగే అయ్యాడు.

ఆ పుస్తకాన్ని నడుస్తూ చదివాడు. యంత్రం కత్తికి సెకనులో వెయ్యోవంతు కూడా తప్పకుండా ఆజ్ఞలు వెళ్ళాలి. అందుకని ఆ కంప్యూటర్లో లినక్స్, అందులోనూ ప్రత్యేకంగా కట్టిన కెర్నెల్, అంటే దాని గుండెకాయ, పెట్టారు. తూనీగ ఆ కెర్నెల్‌ని విప్పడం, మళ్ళీ కట్టడం నేర్చుకున్నాడు. పదో తరగతి దాటని మనిషికి అది తక్కువ సంగతి కాదు. ఆ మాట అతను కూడా ఎక్కడా దాచుకోలేదు.

మొదట్లో ఆ కంప్యూటరు స్విచ్చి వేశాక లేవడానికి యాభై సెకన్లు పట్టేది. యాభై సెకన్లు నిలబడి తెర వైపు చూడడమంటే తూనీగకి యావజ్జీవం. ఆ ఆలస్యం ఎక్కడుందో వెతుకుతూ వెళ్తే మూట దొరికింది.

ఆ మూట సంగతి కాస్త చెప్పుకోవాలి. కంప్యూటర్లో ముందు మేలుకునేది కెర్నెల్. దాని ఆస్తిపాస్తులన్నీ రూట్ ఫైల్‌సిస్టమ్ అనే ఇంట్లో ఉంటాయి, ఆ ఇల్లు డిస్కులో ఉంటుంది. ఆ డిస్కుతో మాట్లాడాలంటే ఆ రకానికి తగ్గ డ్రైవరు అనే ప్రోగ్రాము కావాలి. లోకంలో డిస్కు పలికించే చిప్పులు వందల రకాలు, అన్నిటి డ్రైవర్లూ కెర్నెల్ కడుపులో పెడితే అది మోయలేదు. అందుకని వాటిని మాడ్యూళ్ళని విడి ముక్కలుగా చేసి డిస్కులో దాస్తారు. చిక్కు అక్కడే ఉంది. డిస్కు తెరిచే సాధనం డిస్కులోనే ఉంటే తెరిచేదెవరు? అందుకని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మూట ఒకటి కడతారు. కెర్నెల్‌నీ మూటనీ డిస్కు నుంచి తీసి మెమరీలో పెట్టేంతవరకే బోర్డుకి చేతనవుతుంది. ఆ తర్వాత కెర్నెల్ మూట విప్పి, తగిన డ్రైవరు తీసి తగిలించుకుని, డిస్కు తలుపు తెరుచుకుని లోపలికి వెళ్తుంది. వెళ్ళాక మూటతో పని లేదు, పారేస్తుంది.

తూనీగ ఆ మూట విప్పి చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. ఎన్నడూ చూడని, చూడబోని యంత్రాల డ్రైవర్లు అందులో వందల కొద్దీ ఉన్నాయి. అవసరం లేనివి ఎందుకు? 'ఈ యంత్రానికి కావలసినవి మాత్రమే' అన్న వరుస ఒకటి మార్చి, అక్కడితో ఆగక ఒక్కొక్కటీ చేత్తో ఏరి తీసేశాడు. వాడని పెన్‌డ్రైవుల డ్రైవరు పోయింది. కీబోర్డు గుండ్రటి ప్లగ్గుది కాబట్టి మామూలు యూఎస్‌బీ కీబోర్డు డ్రైవరూ పోయింది. పాత కెర్నెళ్ళు, వాటి లావు మూటలు, అన్నీ తుడిచేశాడు. మిగిలింది గుప్పెడంత మూట. కంప్యూటరు తొమ్మిది సెకన్లలో లేచింది. ఆ తొమ్మిది సెకన్ల సంగతి ఆసుపత్రిలో వినని మనిషి లేడు. గుండె జబ్బుల డాక్టరుగారికి లిఫ్టులో చెప్పాడు. ఆయన పాపం రెండో అంతస్తులోనే దిగిపోయి మెట్లెక్కారు.

ఇక కండక్టరమ్మ సంగతి. ఆమె పంతొమ్మిదేళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. పద్నాలుగు నెలల కింద, బస్సు వెనక్కి తీస్తుంటే దారి చూపిద్దామని దిగింది. పక్కనుంచి వచ్చిన ట్రక్కు ఆమె ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసుకుపోయింది. డిపో వాళ్ళు ఉద్యోగం అట్టే పెట్టి, మూడుసార్లు పరీక్షకి రావచ్చన్నారు. రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ వరండాలో నడిచి చూపించి నెగ్గింది, బస్సెక్కింది, పదేసి రోజులకి మోడు పుండుపడి దిగిపోయింది. మధ్యలో తొడుగులు మార్చారు. తూనీగ ఆమెకి ఐదు చేశాడు. ఒక్కోటీ దూదిపింజంత తేలిక. వర్క్‌షాపు నేల మీద ఆమె ఒక్కోదాంతోనూ చక్కగా నడిచింది. 'బాగా నడిచింది' అని తన నోటు పుస్తకంలో ఐదుసార్లూ రాసుకున్నాడు. ఈ కథ జరిగిన రోజు ఆరోది చెక్కాలి. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మూడో పరీక్ష. తప్పితే ఇక ఇంటికే.

ఆ ఉదయం ఎనిమిదింటికి తూనీగ స్విచ్చి వేస్తే కంప్యూటరు లేవలేదు. మూత తీస్తే కమురు వాసన వచ్చింది. మదర్‌బోర్డు మీద రెండు చోట్ల ఉబ్బి పగిలింది. తూనీగ కంగారు పడలేదు. గోదాములోకి పరుగెత్తి, సంతకం పెట్టి, ఇంకో కంప్యూటరు తెచ్చుకున్నాడు. పాతదానిలోని డిస్కు తీసి ఇందులో బిగించాడు, యంత్రానికి ఆజ్ఞలు పంపే కార్డు ఊడదీసి ఇందులో గుచ్చాడు.

"తొమ్మిది సెకన్లు చూడండి గురువుగారూ" అన్నాడు పక్కనే కూర్చున్న మేస్త్రితో.

తొమ్మిది సెకన్లయింది. పంతొమ్మిదయింది. రూట్ డిస్కు కోసం ఎదురుచూస్తున్నానని తెర మీద ఒక వరుస పడింది. అర నిమిషం తర్వాత, అలాంటి డిస్కే లేదని ఇంకో వరుస పడింది. దాని కింద, ఏం చేయమంటావు అన్నట్టు, చిన్న గీత మిణుకుమిణుకుమంటూ నిలబడింది. తూనీగ కీబోర్డు నొక్కాడు. అక్షరం పడలేదు. కొత్త బోర్డుకి గుండ్రటి ప్లగ్గు లేదు. ఉన్న యూఎస్‌బీ కీబోర్డుకి మూటలో డ్రైవరు లేదు.

అతనికి విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం చాలింది.  కొత్త బోర్డు మీద డిస్కుని పలికించే చిప్పు వేరే రకం. దాని డ్రైవరు ఉండడం ఉంది, డిస్కులోనే భద్రంగా ఉంది. మూటలో ఉన్నది చచ్చిపోయిన బోర్డుకి పనికొచ్చే ఒకే ఒక్కటి.

"ఏమైందిరా?" అన్నాడు మేస్త్రి.

"కొత్త బోర్డు కదండీ, కాస్త మొరాయిస్తోంది."

అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. గోడవార బల్ల మీద కూర్చున్న కండక్టరమ్మ అతని వైపు చూసింది. ఊతకర్రలు రెండూ పక్కన ఆనించి ఉన్నాయి. టికెట్లు ఎగ్గొట్టేవాళ్ళ మొహాలు పంతొమ్మిదేళ్ళు చదివిన మనిషి ఆమె.

"యంత్రం చెడిందా అన్నయ్యా?" అంది.

"యంత్రం బాగానే ఉందమ్మా. కంప్యూటరుకి డ్రైవరు దొరకడం లేదు."

"డ్రైవరు లేక బండి ఆగిందన్నమాట. మా డిపోలో రోజూ ఉండేదే. ఇంకో డ్రైవర్ని పిలవండి."

మేస్త్రి నవ్వాడు. తూనీగ నవ్వలేకపోయాడు.

ఆమె కొలతలు డిస్కులో ఉన్నాయి. ఇంకో కంప్యూటరుతో చదవొచ్చు కూడా. కానీ చెక్కే యంత్రం ఆ కెర్నెల్ మాట తప్ప ఇంకొకరి మాట వినదు. పాత పద్ధతిలో సున్నపు అచ్చు తీద్దామంటే ఆరడానికే రెండు రోజులు. లినక్స్‌ని బయటి నుంచి లేపే పెన్‌డ్రైవు ఒకటి ఉండేది. ఏడాదిగా వాడలేదని దాన్ని తుడిచి, వాళ్ళావిడ బడి పుస్తకాల జాబితా పెట్టుకోవడానికి ఇచ్చేశాడు. అలాంటిదే మళ్ళీ దింపుకుందామని ఆఫీసు కంప్యూటరు దగ్గరికి పరుగెత్తాడు. ఇంకా ఆరు గంటల ఇరవై నిమిషాలు పడుతుందని అది చూపించింది. ఆసుపత్రి కంప్యూటర్ల విభాగానికి ఫోను చేస్తే, ఈ రోజు కాగితం పెడితే ఎల్లుండి మనిషిని పంపుతామన్నారు.

పదిన్నర అయింది. తూనీగ కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. తొడుగు ఈ సాయంత్రానికి కావాలంటే ఒంటిగంటన్నరకల్లా కత్తి తిరగాలి. తల ఎత్తినప్పుడల్లా కండక్టరమ్మ కనబడుతోంది.  

"ఒరేయ్, నువ్వలా తిరగకు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు మేస్త్రి. "పాతదానిలాంటిదే ఇంకోటి ఉంటే నడుస్తుందా?"

"నిక్షేపంగా నడుస్తుంది. మూట కట్టిందే దానికోసం. కానీ ఎక్కడుంది?"

"అది ఒక్కటే వచ్చిందనుకున్నావా? ఆ రోజు లారీలోంచి ఎనిమిది దిగాయి. నేనే లెక్క చూసి దింపించాను. అన్నీ ఒకే ఈత పిల్లలు."

తూనీగ ఆ మాట పూర్తిగా వినలేదు. డిస్కు ఊడదీసి, చొక్కాజేబులో వేసుకుని, అప్పటికే గుమ్మం దాటాడు.

ఆసుపత్రిలో అందరికీ అలవాటైన దృశ్యమే, తూనీగ పరుగెత్తడం. కానీ ఆ రోజు అతను ఎవరికీ దారి కూడా ఇవ్వలేదు. చీటీలిచ్చే కౌంటర్లో ఒకప్పుడు మూడు ఉండేవి. మూడూ మార్చేశారు. మందుల గదిలో ఒకటి ఉండేది, పైన ట్యాంకు కారి తడిసి పోయింది. వంటశాల గుమాస్తా తన బల్ల కింద చూపించాడు. అక్కడ డబ్బా ఉంది, లోపలి సామానేమీ లేదు, ఉల్లిపాయలు పోసుకున్నారు. రికార్డుల గదిలోది ఎవరో ఎత్తుకుపోయారు. ఆరు పోయాయి, తనది ఏడోది. చివరికి ఎనిమిదోది తన వర్క్‌షాపు పక్కనే, దుప్పట్లు ఉతికే విభాగంలో దొరికింది. ఊరంతా తిరిగి పక్కింటికి వచ్చినట్టయింది. టైము పన్నెండు కావస్తోంది.

అక్కడి గుమాస్తాని అందరూ దుప్పట్లక్క అంటారు. ఆవిరికి తడిసిన గదిలో, ఆ పాత కంప్యూటరు ముందు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో వార్డులవారీగా లెక్క ఎక్కిస్తోంది. తూనీగ ఒక్క గుక్కలో చెప్పాల్సింది చెప్పాడు. ఆమె తల తిప్పలేదు.

"పన్నెండున్నరకి ఈ జాబితా అచ్చయి వార్డులకి వెళ్ళాలి. వెళ్ళకపోతే మధ్యాహ్నం ఆపరేషనయిన వాళ్ళని ఉత్త పరుపు మీద పడుకోబెడతారు. అయ్యాక తీసుకోండి."

"అక్కా, ఒక అమ్మాయి కాలు ఆగిపోయింది."

"అరగంటే కదా తమ్ముడూ. కూర్చోండి. నా నెత్తి మీద నిలబడితే అంకెలు తప్పుతాయి, మళ్ళీ మొదటికొస్తుంది."

అలా తూనీగ కూర్చోవలసి వచ్చింది. మొదటి ఐదు నిమిషాలు మోకాలు ఆడించాడు. దుప్పట్లక్క కళ్ళజోడు మీంచి చూసింది. ఆపాడు. బయట ఉతికే యంత్రాలు తిరుగుతున్నాయి. చేతికి పని లేదు, కాలికి పని లేదు, ఇక తలకే పని పడింది.

ఒక్క యంత్రాన్ని చూసి కట్టాను ఆ మూట, అనుకున్నాడు. ఆ బోర్డుని అంత బాగా ఎరుగుదును కాబట్టి, అదెప్పుడూ అక్కడే ఉంటుందనుకున్నాను. అక్కడ నడిచింది, నడిచినప్పుడల్లా మురిసిపోయాను. ఇలా అనుకుంటుంటే, ఎందుకో, తన పుస్తకంలో ఐదుసార్లు రాసుకున్న వరుస గుర్తొచ్చింది. బాగా నడిచింది. ఎక్కడ? వర్క్‌షాపులో, గచ్చు నేల మీద, ఇరవై అడుగుల దూరం. కండక్టరు పని గచ్చు నేల మీద ఉండదన్న సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు.  ఎవరూ ఏమీ అనకుండానే సిగ్గుతో చెవులు మండాయి.

పన్నెండూ నలభైకి జాబితా అచ్చయింది. దుప్పట్లక్క లేచి, "ముట్టుకుంటే ముట్టుకోండి గానీ, నా లెక్క మళ్ళీ నాకు కనబడాలి" అంది. తూనీగ ఆమె డిస్కు తీసి పక్కన పెట్టి తనది బిగించాడు. తొమ్మిది సెకన్లలో లేచింది. ఆ తొమ్మిదీ చూసి మొదటిసారి అతనికి సంతోషం కలగలేదు. మూట కట్టే ఫైలు తెరిచాడు. 'ఈ యంత్రానికి కావలసినవి మాత్రమే' అన్న చోట 'దాదాపు అన్నీ' అని రాశాడు. చేత్తో ఏరి తీసేసినవన్నీ తిరిగి చేర్చాడు. ఆఖరి మీట నొక్కేముందు వేలు ఒక్క క్షణం ఆగింది. ఎంతైనా తొమ్మిదేళ్ళ పొగరు. నొక్కాడు. మూట ఏడింతలైంది. దుప్పట్లక్క డిస్కు తిరిగి బిగించి, తనది జేబులో వేసుకుని పరుగెత్తాడు.

ఒంటిగంటా పదికి వర్క్‌షాపులో కొత్త కంప్యూటరు స్విచ్చి వేశాడు. కెర్నెల్ మూట విప్పింది. ఎన్నడూ పనికిరావనుకున్న పేర్లు ఒక్కొక్కటే తెర మీద పోయాయి. వాటి మధ్యలోంచి కొత్త చిప్పు డ్రైవరు తగిలింది, డిస్కు పలికింది, రూట్ తెరుచుకుంది. ముప్పై నాలుగు సెకన్లు పట్టింది. తూనీగ ముప్పై నాలుగూ నిలబడి చూశాడు.

కత్తి తిరిగింది. నురుగు దిమ్మలోంచి కండక్టరమ్మ మోడు ఆకారం మోకాలి పైదాకా బయటపడింది. ప్లాస్టిక్ పలకని కొలిమిలో మెత్తబరిచి దాని మీద పరిచి, గాలి లాగేసి, చల్లారనిచ్చారు. నాలుగింటికి తూనీగ పెన్సిలు, కోత మిషను పట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. తొడుగు అంచు ఎక్కడ కోయాలో గీత గీసుకునే పని అతనిది. మోకాలికి రెండు పక్కలా గోడల్లా పైకి వచ్చే ప్లాస్టిక్‌ని అతను ఎప్పుడూ కిందికి కోసేస్తాడు. మోకాలికి అడ్డు ఉండదు, తేలిక. ఐదుసార్లూ అలాగే కోశాడు.

పెన్సిలు కింద పెట్టాడు.

"చెల్లెమ్మా, బస్సులో ఎలా నిలబడతావు?"

కండక్టరమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. "ఎలా నిలబడతారు? అందరిలానే."

"అలా కాదు. లేచి చూపించు. బస్సు నిండా జనం ఉన్నారు, డ్రైవరు బ్రేకు వేశాడు. అప్పుడెలా?"

ఆమె ఊతకర్రల మీద లేచి, నడక నేర్పే కమ్మీల దగ్గరికి వెళ్ళింది. కమ్మీని బస్సులో స్తంభం అనుకుని తుంటి దానికి ఆనించింది. పక్కకి తిరిగింది. రెండు చేతులూ ఖాళీ చేసి, ఒక చేత్తో లేని టికెట్లు పట్టుకుంది. "ఇలా. చేతులకి పని ఉంటుంది కదా, పట్టుకోవడానికి కుదరదు. బ్రేకు పడితే బరువంతా ఇటు పక్కకి, ఎడమకాలి మీదికి వచ్చేస్తుంది. మోకాలు పక్కకి మెలిపడుతుంది. అక్కడే ఒరుసుకుపోయేది."



తూనీగ గీత గీశాడు. ఎప్పుడూ గీసేదానికన్నా నాలుగు వేళ్ళు పైకి, మోకాలిని రెండు పక్కలా పట్టుకునేలా. గీస్తూనే, తల ఎత్తకుండా చెప్పాడు. "పొద్దున కంప్యూటరు మొరాయించలేదమ్మా. నేను తేలిక చేయబోయి, కావలసింది కూడా తీసిపారేశాను. నీ కాలికీ అదే చేశాను. ఐదుసార్లూ."

కండక్టరమ్మ బల్ల మీద కూర్చుంది. మోడు మీద నల్లబడిన మచ్చని బొటనవేలితో రుద్దుకుంది.

"పద్నాలుగు నెలలు" అంది. "పుండు పడిందని వస్తే, అలవాటు చేసుకోవాలమ్మా అన్నారు మీరు. నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుని ఇంట్లో ఎన్నిసార్లు ఏడ్చానో. ఒక్కసారి ఈ ప్రశ్న అడిగుంటే చెప్పేదాన్ని కదా. కాలున్నప్పుడైతే మీ మీదికి ఒంటికాలి మీద లేచేదాన్ని. ఇప్పుడు అది తప్ప ఇంకో దారి లేదు, అందుకని కూర్చున్నాను."

  తూనీగ కోత మిషను ఆన్ చేసి, గీత మీద నిదానంగా కోశాడు. అతను ఒక పని అంత నిదానంగా చేయడం మేస్త్రి ముప్పై రెండేళ్ళలో చూడలేదు. సాయంత్రం ఆమె తొడుక్కుని, కమ్మీల మధ్య పక్కకి తిరిగి నిలబడి, తుంటితో రెండుసార్లు గట్టిగా ఒరిగి చూసుకుంది.

"బరువుగా ఉంది."

"ఉంటుంది" అన్నాడు తూనీగ.

మర్నాడు అతన్ని ఎవరూ డిపోకి రమ్మనలేదు. అయినా ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉన్నాడు. వరండాలో డిపో డాక్టరు కుర్చీ వేసుకుని కండక్టరమ్మని పదిసార్లు అటూ ఇటూ నడిపించాడు. మెట్లెక్కించాడు, దించాడు. తర్వాత కాగితం ముందు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "నడక బాగుందమ్మా. కిందటి రెండుసార్లూ ఇలాగే బాగుంది. పది రోజులకి మళ్ళీ మంచం ఎక్కుతావు. ఇంకోసారి ఆ తప్పు నా చేత చేయించకు."

 ఆ డాక్టరు అంటున్నది ముమ్మాటికీ నిజం, ఆ నిజాన్ని అలా తయారుచేసింది తూనీగే. ముందుకి వెళ్ళి ఏదో చెప్పబోయాడు. కండక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వరండాలో టికెట్లు కొట్టను కదండీ" అంది డాక్టరుతో. "బండి తీయించండి. మీరూ ఎక్కండి. ఎన్ని బ్రేకులు కావాలంటే అన్ని వేయించండి. నేను పడితే ఆ కాగితం మీద మీకేం తోస్తే అది రాసుకోండి."

ఖాళీ బస్సు ఒకటి తీశారు. డాక్టరు ముందు సీట్లో కూర్చున్నాడు. కండక్టరమ్మ మధ్యలో స్తంభానికి తుంటి ఆనించి, రెండు చేతులూ ఖాళీగా, పక్కకి తిరిగి నిలబడింది. బస్సు గేటు దాటి మలుపు తిరిగింది. తూనీగకి ఎక్కే ధైర్యం లేకపోయింది.

పావుగంటలో వస్తుందన్నారు. రాలేదు. ఇరవై అయింది. తూనీగ డిపో ఆవరణ ఎన్నిసార్లు చుట్టాడో, టైర్లు మార్చేవాళ్ళు పని ఆపి చూశారు. ఆమె పడి ఉంటుంది. పడితే తల తగిలి ఉంటుంది. తొడుగు లోపల అంచు సరిగ్గా నున్న చేశానా లేదా? ఎడమ పక్క గోడ ఇంకో వేలెడు పైకి ఉంచాల్సిందా? అరగంట అయింది. ఇక గేటు వైపు చూడడం మానేశాడు.

ముందు బస్సు కనబడలేదు, గొంతు వినబడింది. "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే. అయ్యా, సంచీ దించండి. మీరు మూడో స్టాపులో ఎక్కారు, నాకు గుర్తుంది, టికెట్టు సంగతి తర్వాత చూద్దాం." ఆ బస్సు గేటులోకి ఒరిగి వచ్చింది, కిటకిటలాడుతూ. మొదటి స్టాపు దగ్గర జనం చెయ్యెత్తితే డ్రైవరు అలవాటు కొద్దీ ఆపాడట. ఎక్కారు. తర్వాతి స్టాపులోనూ ఎక్కారు. ఇదేంటి డిపోలోకి వచ్చిందని ఇప్పుడు అందరూ గోల పెడుతున్నారు. డాక్టరు ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య ఇరుక్కుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాడు. లేవబోయి, బస్సు ఊగితే మళ్ళీ కూలబడ్డాడు.

కండక్టరమ్మ మధ్యలో నిలబడే ఉంది. జుట్టు చెదిరింది, మొహం చెమటతో మెరుస్తోంది. ఎవరినీ, దేన్నీ పట్టుకుని లేదు.

"దిగుతారా డాక్టరుగారూ?" అంది.

"దారేది దిగడానికి?" అన్నాడాయన లోపల్నుంచి. "పోనీయమ్మా, వాళ్ళకి ఆలస్యమవుతోంది. సంతకం వచ్చే స్టాపులో పెడతాను."

తూనీగ తలుపు ముందుకి వచ్చి ఆమె కాలి వైపే చూస్తూ నిలబడిపోయాడు.  ఆమె అతన్ని చూసింది. నవ్వలేదు, కోపంగానూ లేదు. పంతొమ్మిదేళ్ళుగా తలుపుకి అడ్డం నిలబడినవాళ్ళందరినీ చూసినట్టే చూసింది.

"అన్నయ్యా, జరగండి. బండి వెళ్ళాలి."

తూనీగ జరిగాడు.